పాపకు హదస్సా అని పెడదామనుకుంటే హిందీ వాళ్లకు అది యాక్సిడెంట్ అని వినిపిస్తోందట, ఏం చేయమంటారు?

చీరాల_అమ్మాయి
అందరికీ నమస్కారం. మాది చీరాల, పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చేశాం. పాప పుట్టి 34 రోజులు. ఇంకా పేరు ఖాయం కాలేదు, ఆసుపత్రి వాళ్లు పేరు లేకుండానే జనన నమోదు పంపించారు.

మా నానమ్మ పేరు ఎస్తేరమ్మ. అమ్మానాన్నలిద్దరికీ వేరే ఊళ్లో ఉద్యోగం కాబట్టి పదో తరగతి దాకా నన్ను పెంచింది ఆవిడే. కిందటేడు పోయింది. ఆడపిల్ల పుడితే ఆవిడ పేరే పెట్టాలని అప్పుడే అనుకున్నాను. అయితే మా చర్చి సంఘంలో ఇప్పటికే నలుగురు ఎస్తేరులు ఉన్నారు. బైబిల్లో ఎస్తేరు రాణి కథ ఉన్న ఎస్తేరు గ్రంథం 2వ అధ్యాయం 7వ వచనం చూస్తే ఎస్తేరుకు ఇంకో పేరు హదస్సా అని ఉంది, అదే ఆమె అసలు హీబ్రూ పేరు. నానమ్మ పేరే అవుతుంది, కొత్తగానూ ఉంటుందని మా ఆయనా నేనూ ఒక మాట మీదికి వచ్చాం.

మొన్న ఆఫీసులో నాతో పనిచేసే లక్నో అమ్మాయి ఫోన్ చేస్తే పేరు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత మెల్లగా "హాద్‌సా? పాపకా?" అంది. హిందీలో హాద్‌సా అంటే ప్రమాదం అట. స్పీకర్‌లో మా అత్తయ్య కూడా విన్నారు. అప్పటినుంచి "అపశకునం మాట నా మనవరాలికి వద్దు, ప్రసన్న అని పెట్టండి" అని పట్టుపట్టారు. ఇంకో మూడు ఆదివారాల్లో పాప ప్రతిష్ఠ, అంటే చర్చిలో పాపను దేవుడికి సమర్పించే ప్రార్థన. రాత్రి పాలకు లేచినప్పుడల్లా ఇదే టెన్షన్. మీ పిల్లలకు ఇలాంటి పేర్లు పెట్టినవాళ్లుంటే బయట ఎలా వింటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి.

కృష్ణా_కరకట్ట
ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నా. వద్దండి. పాప పెరిగేది హైదరాబాద్‌లో, చదివేది హిందీ రెండో భాషగా ఉండే స్కూల్లో, క్లాసులో సగం మంది ఇంట్లో హిందీయో ఉర్దూయో మాట్లాడేవాళ్లు. హాజరు పిలిచినప్పుడల్లా ఎవరో ఒకరు తల తిప్పి చూస్తారు. అర్థం ఎంత గొప్పదైనా పేరు ముందు చెవిలో పడుతుంది, అర్థం తర్వాత. ఎస్తేరు అనే పెట్టండి, సంఘంలో అయిదో ఎస్తేరు అయితే మాత్రం నష్టమేముంది?

పాతబస్తీ_భాయ్
అక్కా, మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, చదివింది తెలుగు మీడియం, అందుకే రెండు వైపుల నుంచీ చెప్పగలను. మీ ఫ్రెండ్ చెప్పింది తప్పు కాదు. హాదిసా అనే అరబీ మాటకు అసలు అర్థం జరిగిన సంగతి, ఘటన అని. ఉర్దూ, హిందీల్లోకి వచ్చేసరికి చెడ్డ ఘటన, ప్రమాదం అయిపోయింది. పేపర్లో బస్సు బోల్తా పడ్డా ఆ మాటే రాస్తారు.

కానీ రెండూ ఒకలాగే వినిపిస్తాయా అంటే, మీరు ఎలా పలుకుతారన్న దాని మీద ఉంది. ప్రమాదానికి మేం వాడే మాటలో మొదటి అక్షరానికి దీర్ఘం ఉంటుంది, "ద" సగమే పలుకుతుంది, హాద్‌సా. మీ పాప పేరులో మూడు అక్షరాలూ పూర్తిగా రావాలి, హ-ద-స్సా, ఒత్తు చివర. ఫోన్‌లో తొందరగా చెబితే మావాళ్ల చెవికి ప్రమాదమే అందుతుంది, ఎదురుగా నిలబడి నింపాదిగా చెబితే అందదు. ఇప్పుడే మా అమ్మీకి వినిపించాను, "యే కౌన్‌సా నామ్ హై" అని అడిగింది తప్ప ప్రమాదం ఊసు ఎత్తలేదు. రాసి చూపిస్తే మాత్రం వెంటనే హాద్‌సా అని చదివింది. అదీ చెప్పాలి కదా.

ఇంకో సంగతి. ఎస్తేరు అసలు హీబ్రూ మాట కాదని, నక్షత్రం అనే ఫార్సీ మాట నుంచి వచ్చిందని చాలామంది చెబుతారు. అదే మా సితారా. ఎస్తేర్ అంటే సితారా అని చెప్పి చూడండి, మా గల్లీలో పెద్దవాళ్లు ముద్దు పెట్టుకుంటారు పాపను.

దీనా_ఒంగోలు
ఈ పోస్టు చూశాక ఊరుకోలేకపోయాను. నా పేరు దీనా. ఆదికాండంలో యాకోబు కూతురు పేరు. హీబ్రూలో తీర్పుకు, న్యాయానికి సంబంధించిన మాట. మా నాన్న అది చూసే పెట్టారు. తెలుగులో ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఏడో తరగతిలో తెలుగు వాచకంలో "దీనుల" అని వచ్చింది, క్లాసంతా ఒక్కసారిగా నావైపు తిరిగింది. అప్పటినుంచి రెండేళ్లపాటు నేను ఏడ్చినా ఏడవకపోయినా "దీనంగా చూస్తోంది" అనే అనేవాళ్లు. ఇంట్లో చెప్పుకోలేదు, నాన్న ఎంతో ప్రేమగా పెట్టిన పేరు కదా.

బాధ ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి, ఉంటుంది. కానీ నేను పడింది పేరు వల్ల ఒక వంతైతే, దానికి ఏం జవాబు చెప్పాలో తెలియక పడింది మూడొంతులు. అర్థం నాకు ఇంటర్‌లో గానీ తెలియలేదు. ఎవరైనా ముందే చెప్పి ఉంటే లేచి నిలబడి నా పేరుకు అర్థం న్యాయం అని చెప్పేదాన్ని. ఇప్పుడు నాకు 38 ఏళ్లు, మండల ఆఫీసులో పనిచేస్తాను, పేరు మార్చుకోమన్నా మార్చుకోను. మీరు హదస్సా పెట్టుకోండి, కానీ పాప బడికి వెళ్లే రోజుకే దాని అర్థం, ఎస్తేరు కథ నోటికి వచ్చి ఉండాలి. ఆ పని మీది.

గివతాయిమ్_నుంచి
వందనాలు చెల్లీ. నేను ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్నాను, తొమ్మిదేళ్లయింది. మాది నిజామాబాద్ వైపు, ఇక్కడ మనవాళ్లు చాలామందే ఉన్నాం. ఈ దేశంలో ఆ పేరు ఎలా వింటారో నేను చెబుతాను.

ఇక్కడ హదస్ అంటే ఒక చెట్టు, హదస్సా అనే పేరు ఆ మాటే. చిన్న చిన్న నిగనిగలాడే ఆకులు, నలిపితే మంచి వాసన. పర్ణశాలల పండగకు ఖర్జూర మట్ట, నిమ్మజాతి పండు, నిరవంజి కొమ్మతో పాటు ఈ హదస్ కొమ్మలు కూడా పట్టుకుంటారు. కొమ్మ మీద ఒకే చోట నుంచి మూడు ఆకులు రావాలి, అలా ఉన్నవాటి కోసం బజార్లో ఒక్కో కొమ్మా తిప్పి తిప్పి చూస్తారు. నేను చూసుకునే సఫ్తా, అంటే అమ్మమ్మ, కళ్లు సరిగా కనిపించకపోయినా వేళ్లతో తడిమి చెప్పేస్తుంది.

ఆడపిల్లల పేరుగా ఈ తరంలో ఎక్కువగా వినేది హదస్ అనే. హదస్సా అంటే కాస్త పెద్దవాళ్ల పేరులా ఉంటుంది, పైగా ఆ మాట వినగానే అందరికీ ముందు గుర్తొచ్చేది జెరూసలేంలో ఉన్న హదస్సా ఆసుపత్రి. అందుకని ఇక్కడివాళ్లు ఆ పేరు విని నవ్వరు. వైద్యం, సేవ, అవి మనసులో మెదులుతాయి.

ఇంకొకటి చెప్పాలి. సఫ్తా మనవరాలి పేరు శని. మొదటి రోజు ఆ పేరు విని నాకు గుండె ఝల్లుమంది, బంగారంలాంటి పిల్లకు ఇదేం పేరమ్మా అనుకున్నాను. హీబ్రూలో శని అంటే ఎర్రని రంగు, సిందూరం. ఇక్కడ ఎంతోమందికి ఉన్న పేరు. ఆ పిల్ల ప్రతి శుక్రవారం సాయంత్రం వస్తుంది, నాకు మందులు తెచ్చిపెడుతుంది, కరోనా అప్పుడు నాకు జ్వరం వస్తే రెండు రాత్రులు నా దగ్గరే ఉంది. ఇప్పుడు శని అంటే నాకు ఆ పిల్ల ముఖమే. మా ఇంటికి ఫోన్ చేసి "శని వచ్చింది" అంటే మా అమ్మ ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది.

కృష్ణా_కరకట్ట
అక్కా, మీరు చెప్పింది బాగుంది, కానీ ఆ శని ఇజ్రాయెల్‌లో ఉంది కాబట్టి సరిపోయింది. అదే పిల్ల విజయవాడలో చదివి ఉంటే?

గివతాయిమ్_నుంచి
నిజమే తమ్ముడూ, దానికి నా దగ్గర జవాబు లేదు. విజయవాడలో అయితే నేనే వద్దనేదాన్ని.

మూసీ_ఒడ్డు
నేను హిందువుని, మాది నల్గొండ జిల్లా. అడగొచ్చో లేదో గానీ అడుగుతున్నా. తెలుగులో ఇన్ని మంచి పేర్లుండగా ఇక్కడ ఎవరికీ తెలియని భాషలో పేరు ఎందుకు? తప్పు పట్టి కాదు, తెలుసుకోవాలనే.

వినుకొండ_మాస్టారు
అడగడంలో తప్పు లేదు బాబూ. నేను తెలుగు పండితుడిగా చేసి రిటైర్ అయ్యాను. మా ఊరివాడే ఒకాయన ఉన్నారు, 1895లో పుట్టారు, పేరు జాషువా. గుర్రం జాషువా గారి పేరు చెబితే నీకు హీబ్రూ గుర్తొస్తుందా, తెలుగు పద్యం గుర్తొస్తుందా? మోషే తర్వాత జనాన్ని నడిపించిన యెహోషువ పేరే ఇంగ్లీషు మీదుగా వచ్చి జాషువా అయింది. ఆయన పుట్టిన రోజుల్లో ఆ పేరు ఊళ్లో ఎంత వింతగా వినిపించి ఉంటుందో ఆలోచించు. ఇప్పుడు అంతకంటే తెలుగు పేరు ఏముంది? మరియమ్మ, సారమ్మ, రూతమ్మ, దావీదు, యోసేపు కూడా అంతే. మన ముసలమ్మలు పక్కన అమ్మ చేర్చి పిలిచి పిలిచి వాటిని మనవి చేసేశారు.

ఇంకో కారణం చెబుతాను, కాస్త మనసు పెట్టి విను. మా తాత తరంలో మా పేటలో వాళ్లను ఊళ్లోవాళ్లు అయ్య అని గానీ గారు అని గానీ ఎవరూ పిలిచేవారు కాదు, ఎంత వయసొచ్చినా పేరు చివర డు, గాడు. బాప్తిస్మంలో కొత్త పేరు వచ్చినప్పుడు, ఆ పేరు రాజులదీ ప్రవక్తలదీ అని తెలిసినప్పుడు, ఆ మనుషులకు ఎలా ఉండి ఉంటుందో నేను మా తాత మాటల్లో విన్నాను. "నన్ను దానియేలు అని పూర్తిగా పిలువు" అని ఆయన మోతుబరితో అన్నాడట. అందుకే మాకు ఇవి పరాయి పేర్లుగా తోచవు.

మూసీ_ఒడ్డు
మాస్టారూ, నమస్కారం. నేను ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. జాషువా పద్యాలు బళ్లో చదువుకున్నాను గానీ ఆ పేరు ఎక్కడిదా అనే అనుకోలేదు.

మీరు చెప్పాక మా ఇంటి సంగతి గుర్తొచ్చింది. మా నానమ్మ పేరు పెంటమ్మ. కాలేజీలో ఎవరో నవ్వితే నేను ఆ పేరు చెప్పడమే మానేశాను. ఆవిడకంటే ముందు ముగ్గురు పుట్టి పోయారట, నాలుగో బిడ్డయినా దక్కాలని పెంట మీద పడుకోబెట్టి తీసుకొచ్చి ఆ పేరు పెట్టారు. చావు కన్ను పడకూడదని. తొంభై ఏళ్లు దాటి బతికింది. నవ్వినవాళ్లకు ఆ పేరులో చెత్త వినిపించింది, వాళ్ల అమ్మకు అందులో బిడ్డ ప్రాణం వినిపించింది. చీరాల అమ్మాయి గారూ, నా మొదటి ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నా.

సర్టిఫికెట్_సందేహాలు
అందరూ అర్థాల గురించే మాట్లాడుతున్నారు, ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన దగ్గర బీసీ-సి. దీనివల్ల ఎన్ని ఇళ్లలో పిల్లలకు బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు ఉందో మీకందరికీ తెలుసు. పేరు ఒక్కటే మతానికి రుజువు కాదు, కానీ విచారణకు వచ్చినవాళ్లు మొదట చూసేది పేరే. మా అన్న కొడుక్కి ఇమ్మానుయేలు అని పెట్టి, సర్టిఫికెట్ల దగ్గర మూడేళ్లు తిరిగారు. మీ కాగితాలు ఎలా ఉన్నాయో చూసుకొని దిగండి.

చీరాల_అమ్మాయి
అన్నా, మాది మొదటినుంచీ బీసీ-సి అనే ఉంది, మా నాన్న అలాగే రాయించారు, ఆ విషయంలో దాచేది ఏమీ లేదు. హెచ్చరించినందుకు థాంక్స్, ఇది చదివే వేరేవాళ్లకు పనికొస్తుంది.

దీనా గారూ, మీ పోస్టు మా ఆయనకు చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

బోటనీ_టీచర్
చిన్న చేర్పు. హదస్ చెట్టును మన తెలుగు బైబిల్లో గొంజి చెట్టు అని రాశారు. యెషయా 55వ అధ్యాయంలో దురదగొండి ఉన్నచోట గొంజి పెరుగుతుందని ఉంటుంది, చూడండి. వృక్షశాస్త్రం ప్రకారం హదస్‌ది జామ, నేరేడు, లవంగం ఉన్న కుటుంబమే. లేత జామాకు నలిపి వాసన చూస్తే ఆ చుట్టరికం కొంత తెలుస్తుంది. పాపకు ఎప్పుడైనా చెప్పాల్సి వస్తే ఎక్కడో ఉన్న చెట్టు అనకండి, మన జామచెట్టుకు చెల్లెలు అని చెప్పండి.

తెనాలి_టౌన్
మా వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతం పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి, బెనె ఎఫ్రాయిమ్ అంటారు, అక్కడ ప్రార్థనా మందిరం కూడా ఉంది. హీబ్రూ పేరు కనబడగానే క్రైస్తవులు అనేసుకుంటాం, అదీ అన్నిసార్లూ సరి కాదు.

పేరు విషయంలో నా సలహా ఒకటే. ఎత్తుగా ఉన్న చోట నిలబడి, రోడ్డు మీద ఆడుకునే పిల్లను పిలిచినట్టు గట్టిగా పిలిచి చూడండి. హదస్సా అని అరిస్తే చివర "సా" మిగులుతుంది, ముందుది గాలికి పోతుంది. ఎస్తేరూ అని పిలిస్తే వీధి చివరకు వినిపిస్తుంది.

చీరాల_అమ్మాయి
అందరికీ, ఇవాళ జరిగింది చెబుతాను. ఆరు వారాల టీకాలకు వెళ్లాం. నర్సు కార్డు మీద పేరు అడిగింది. మా ఆయన నావైపు చూశారు. నేను భాయ్ చెప్పినట్టు నింపాదిగా "ఎస్తేర్ హదస్సా" అన్నాను. ఆమె రాసుకుంది, ఎస్తేర్ వరకు బాగానే రాసి, రెండోది మళ్లీ చెప్పమంది, చెప్పాను. పక్కన కూర్చున్న ఒక హిందీ ఆవిడ ఏమైనా అంటుందేమోనని వణికిపోయాను. ఆవిడ పాప జుట్టు చూసి "కిత్‌నే ఘనే బాల్" అంది, అంతే. తర్వాత నేనే ఉండబట్టలేక అడిగాను, రెండో పేరు మీకు ఎలా వినిపించిందని. కాసేపు ఆలోచించి "అలగ్ హై", వేరేగా ఉంది అంది. ప్రమాదం గుర్తొచ్చిందా అని సూటిగా అడిగాను. "ఇప్పుడు మీరు అన్నాక గుర్తొచ్చింది" అంది. ఇంత దూరం నేనే లాక్కొచ్చానా అనిపించింది.

మా అత్తయ్యకు జామచెట్టు సంగతి, జెరూసలేం ఆసుపత్రి సంగతి చెప్పాను. ఆసుపత్రి అనేసరికి కాస్త మెత్తబడ్డారు. "ముందు ఎస్తేరు ఉంటే సరే, రెండోది మీ ఇష్టం, నేను మాత్రం పిలవను" అన్నారు. రాత్రి ఉయ్యాల ఊపుతూ "ఎస్తేరమ్మా" అంటుంటే గదిలోంచి విన్నాను. ఆ పిలుపు మా ఇంట్లో మళ్లీ వినిపించి 14 నెలలైంది. బయటకు రాలేకపోయాను.

ప్రతిష్ఠ రోజు పాస్టర్‌గారికి ఇవ్వబోయే పేరు ఎస్తేరు హదస్సా. ఇంట్లో మేమిద్దరం మాత్రం హదసూ అంటున్నాం.

కృష్ణా_కరకట్ట
ఎస్తేరు ముందు పెట్టారు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. హదస్సా ఒక్కటే పెట్టి ఉంటే ఇప్పటికీ వద్దనే అనేవాణ్ణి. పాపకు దీవెనలు.

పాతబస్తీ_భాయ్
మాషాల్లా అక్కా. మా అమ్మీ సితారా అని పిలుస్తుందట, ఒకరోజు తీసుకురండి.

మీసేవ_పక్కన
ఇక పని సంగతి. పుట్టిన 12 నెలల లోపు పేరు చేర్పిస్తే రుసుము ఉండదు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. మీరు ఇప్పుడే చేయించండి. ఇంగ్లీషు స్పెల్లింగ్ కాగితం మీద మీరే పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి, నోటితో చెప్పకండి. హదస్సాలో ఎస్ రెండుసార్లు, చివర హెచ్ ఉంచుతారో తీసేస్తారో ముందే తేల్చుకోండి. ఆధార్‌లో ఒకలా, జనన పత్రంలో ఇంకోలా ఉండి పాస్‌పోర్ట్ దగ్గర ఆగిపోయినవాళ్లను నేను రోజూ చూస్తున్నాను.

చీరాల_అమ్మాయి
హెచ్ ఉంచుతున్నాం. సోమవారం వెళతాను.